బ్రిడ్జికి ఇవతల ఆగిన ఎర్రకారు

నల్లపెట్టె ఇంకా వెచ్చగానే ఉంది. గోడ ప్లగ్గుకీ కంప్యూటర్‌కీ మధ్య నేలమీద పడుండే ఈ పెట్టె మీద చెయ్యి వేసి చూడటం నాకు అలవాటైపోయింది, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు. వెచ్చగా ఉందంటే కరెంటు ఉందని, కరెంటు ఉందంటే గ్లెన్ ఆపి వెళ్ళిన ఆట ఆపిన చోటే ఉందని అర్థం. ఇది క్యాసెట్టులోంచి ఎక్కే ఆట, మళ్ళీ ఎక్కించుకుంటే మొదటి నుంచి వస్తుందే తప్ప నా కొడుకు ఎక్కడ వదిలాడో అక్కడి నుంచి రాదు. ప్లగ్గు తీస్తే అంతా పోతుంది, ఒక్క అక్షరం కూడా గుర్తుండదు దీనికి. ఇన్నాళ్ళూ తీయలేదు, ఎవర్నీ తీయనివ్వలేదు. ఇవాళ పదింటికి వీధి వీధంతా కరెంటు తీసేస్తారట. నిన్న పసుపు కోటు వేసుకుని ఒకాయన తలుపు కొట్టాడు. భూమిలో కేబుల్ మారుస్తున్నాం, మధ్యాహ్నం దాకా రాదు, టీ ఏదో ముందే కాచుకోండి అన్నాడు. ఒక్క మా ఇంటికి ఉంచడం కుదరదా అని అడిగాను. ఆయన నవ్వాడు. "రాణిగారు ఈ వీధిలో కాపురమున్నా తీసేస్తామమ్మా. ఏం, ఇంట్లో ఏమైనా పొదుగుతున్నారా?" అన్నాడు. పాపం ఆయనకేం తెలుసు. అవును పొదుగుతున్నాను, పోవయ్యా, అనుకుని తలుపేశాను.

తొమ్మిది దాటింది. వాన పడుతోంది, ఈ ఊళ్ళో వాన పడని రోజు చెప్పుకోవాలిగానీ పడే రోజు ఏముంది. కిటికీలోంచి షిప్‌యార్డు క్రేన్ల కొనలు కనిపిస్తాయి, కదలకుండా. అవి కదిలినంత కాలం రేమండ్ మంచి మొగుడే. పని పోయాక మనిషి సగమయ్యాడు, గ్లెన్ పోయాక ఆ సగం కూడా ఇంట్లో ఉండటం లేదు. పొద్దున్నే కోటు తగిలించుకుని నది ఒడ్డున పడి తిరిగొస్తాడు. ఈ గదిలోకి అడుగు పెట్టడు, గడప దగ్గరే నిలబడి అరుస్తాడు. "ఆ దిక్కుమాలినదాన్ని ఆపెయ్యవే, కొంప తగలబడుద్ది" అంటాడు. తగలబడనీ. తగలబడటానికి ఇంకా ఏం మిగిలిందని అంటాను నేను. అప్పుడు మెట్లు దిగి వెళ్ళిపోతాడు. ఇవాళ మాత్రం వెళ్తూ వెళ్తూ మెట్ల మీద ఆగి, "పదింటికి అదే ఆగుద్దిలే" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. నన్ను చూసి జాలిపడుతున్నాడేమో. అది మరీ భరించలేను.

టీవీ వేశాను. చిన్న టీవీ, బొమ్మ నెమ్మదిగా మధ్యలోంచి విచ్చుకుంటుంది. బూడిదరంగు రోడ్డు, రెండు పక్కలా ఆకుపచ్చ చారలు, దూరంగా ముక్కోణాల్లాంటి కొండలు, మధ్యలో ఎర్రకారు వెనకభాగం. పైన అద్దం బొమ్మ, ఆ అద్దంలో నీలం చుక్క. ఆ చుక్కే పోలీసు. రోడ్డు చివర రెండు తెల్లగీతలు నిలువుగా ఉన్నాయి, అదే బ్రిడ్జి. బ్రిడ్జి దాటితే అవతలి రాష్ట్రమట, పోలీసులు వెనక్కి తిరగాలట, ఆట గెలిచినట్టట. మన ఊళ్ళో అలా ఎక్కడుంటుందిరా, నది దాటితే అవతలి పోలీసు పట్టుకోడా అంటే, "అమెరికా అమ్మా, నీకు తెలీదు" అని కళ్ళు తిప్పాడు. అమెరికా వాడికీ తెలీదు. రైల్లో రెండు స్టేషన్ల అవతలున్న సముద్రం తప్ప వాడు ఏమీ చూడలేదు. మొత్తానికి ఆ బ్రిడ్జి దాకా రావడం వాడికీ, వాడి నేస్తం కార్ల్‌కీ అదే మొదటిసారి. నెలల తరబడి ఆడారు, కొండమలుపుల్లోనే దొరికిపోయేవాళ్ళు. ఆ శనివారం వచ్చారు. వచ్చి, సరిగ్గా అక్కడ ఆపి, వెళ్ళిపోయారు. గెలిచే ఆట వదిలి ఎవరైనా వెళ్తారా?

వెళ్ళారు. బయట ఎవరో కారు ఆపి హారన్ కొట్టారు, తాళం దానికే వదిలి ఎదురింట్లోకి వెళ్ళారని తర్వాత తెలిసింది, కార్ల్ ముందు కిందికి పరుగెత్తాడు, మళ్ళీ పైకొచ్చి గ్లెన్ చెవిలో ఏదో అన్నాడు. గ్లెన్ మెట్లమీద నాకు ఎదురయ్యాడు. "అమ్మా, దాన్ని ముట్టుకోకు. బ్రిడ్జి దాకా వచ్చాం. ఇప్పుడే వచ్చేస్తాం" అన్నాడు. నేనేమన్నాను? చేపముక్కలు వేగుతున్నాయి, చల్లారిపోతే మళ్ళీ వేడి చెయ్యను అన్నాను. అంతే. పదిహేనేళ్ళు పెంచిన పిల్లాడితో చివరి మాట చేపముక్కల గురించి. వాడు నవ్వి, నా చెంప మీద వేలితో ఒకటి కొట్టి, పోయాడు. వేలికి జామ్ అంటుకుని ఉంది. నేను చెంప తుడుచుకున్నాను, తుడుచుకోకుండా ఉండాల్సింది అని ఇప్పుడు అనుకుంటే ఏం లాభం. బటన్ మీద కూడా జామ్ ఉంది చూడు, ఎండిపోయి నల్లగా. దాన్ని కూడా నేను తుడవలేదు.

ఈ కంప్యూటర్ కొన్న కొత్తలో ఇంట్లో పెద్ద తతంగం. క్యాసెట్టు ఎక్కేటప్పుడు కీచుమని అరుస్తుంది, పిల్లిని తొక్కినట్టు. ఆ అరుపు పూర్తయ్యేదాకా ఇంట్లో ఎవరూ గట్టిగా నడవకూడదు, ఇస్త్రీపెట్టె పెట్టకూడదు, తలుపు దబాలున వెయ్యకూడదు. ఏ ఒక్కటి జరిగినా మళ్ళీ మొదటికి వచ్చేది. రేమండ్ సాక్సులతో మెట్లెక్కేవాడు, అంతెత్తు మనిషి, దొంగలా. "మా చర్చిలో కూడా ఇంత నిశ్శబ్దం ఉండదు" అనేవాడు. అందరం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. ఆ అరుపు ఆగి, పాట మొదలై, ఎర్రకారు కనిపిస్తే నలుగురం చప్పట్లు కొట్టేవాళ్ళం. నలుగురం అంటున్నాను, కార్ల్‌ని కలిపి. వాడు మా ఇంట్లోనే ఉండేవాడు, వెనక సందుకి అవతల వాళ్ళిల్లు. వాళ్ళ నాన్న తాగితే రాత్రి ఇక్కడే పడుకునేవాడు. వాడికి నేనే జుట్టు కత్తిరించేదాన్ని. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఒక ఎర్రజుట్టు, ఒక నల్లజుట్టు. గడప దగ్గర నిలబడి చూస్తే ఎప్పుడూ ఆ రెండు తలలే. మలుపు వచ్చిందంటే రెండూ ఒకేసారి పక్కకి వంగేవి, కుర్చీలతో సహా. టీ కప్పులు పట్టుకుని నేను కూడా వంగేదాన్ని, నాకు తెలియకుండానే.

ఇప్పుడు నేను కూర్చున్నది గ్లెన్ కుర్చీ, కిటికీ వైపుది, ఎడమవైపుది. ఒక కాలు పొట్టి, కింద అట్టముక్క మడిచి పెట్టాడు. పక్కది ఖాళీ.

ఆ శనివారం పోలీసాయన తలుపు దగ్గర టోపీ తీశాడు. టోపీ తీశాడంటేనే తెలిసిపోవాలి కదా, నాకు తెలియలేదు. ఫుట్‌బాల్‌తో ఎవరి అద్దమో పగలగొట్టి ఉంటాడు వెధవ అనుకున్నాను, వచ్చాక చెవి మెలిపెడదామనుకున్నాను. దొంగిలించిన కారు అన్నాడు. మా వాళ్ళు వెంబడించారు అన్నాడు. నది వైపు దిగే రోడ్డు మలుపులో అన్నాడు. బస్ స్టాపులో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడట, హెపుల్ గారు, పేపర్ కొనుక్కుని వస్తూ ఆగాడు. ఆయన కూడా పోయాడు. కారులోంచి పిల్లలిద్దరూ ఎగిరి రోడ్డు మీద పడ్డారు. ఎవరు ఏ సీట్లో ఉన్నారో చెప్పగలిగింది బతికినవాడొక్కడే. బతికినవాడు చెప్పాడు, కారు నడిపింది గ్లెన్ అని.

నేను నమ్మాను. ఎందుకు నమ్మను, కార్ల్ చెప్పాడు కదా. వీధంతా నమ్మింది. మా తలుపు మీద నల్లరంగుతో హంతకుడు అని రాశారు, రేమండ్ గీకాడు, గీకినా అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. హెపుల్ గారి కూతురు సాండ్రా నాతోపాటే బిస్కెట్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తుంది. ఇదివరకు బెల్టు మీద నా పక్కనే నిలబడి, తన కుక్క గురించి, తన మొగుడి గురించి ఒకటే సొద. ఇప్పుడు బెల్టు ఆ చివర నిలబడుతుంది. ఒకరోజు బట్టలు మార్చుకునే గదిలో ఎదురుపడి, "మీవాడి అంత్యక్రియలకి పువ్వులు బాగా వచ్చాయంట కదా" అంది. రాలేదు సాండ్రా. నాలుగు కట్టలు వచ్చాయి, అందులో రెండు నేను కొన్నవే. అది చెప్పలేదు. రేపు ఆ చావుల మీద విచారణ. పెద్దమనిషి ఒకాయన కోటు వేసుకుని పైన కూర్చుని, మీ కొడుకు ఒక ముసలాయన్ని చంపాడు అని కాగితం మీద సంతకం పెడతాడు. ఆ తర్వాత అది ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. వాడి పేరు పక్కన ఆ ఒక్కటే ఉంటుంది.

ఇక్కడ మాత్రం వాడు ఇంకా ఎవర్నీ గుద్దలేదు. ఇక్కడ వాడింకా బ్రిడ్జికి ఇవతలే ఉన్నాడు.

ఇక ఎంత టైముంది, అరగంట ఉంటుందా. నొక్కనా? బటన్ నొక్కితే కారు కదులుతుంది, నాకు నడపడం రాదు, గోతిలో పడుతుంది, నీలం చుక్క వచ్చి పట్టుకుంటుంది. నా చేతులతో నేనే వాణ్ణి పట్టిచ్చినట్టవుతుంది. నొక్కకపోతే పదింటికి తెర చటుక్కున నల్లబడుతుంది, వాడు ఆగిన చోటే ఆగి పోతాడు. ఏది మేలు? పరుగెత్తుతూ పోవడమా, ఆగి పోవడమా? దేవుడా, నాలాంటి మొద్దుకి ఇలాంటి ప్రశ్నలేమిటి. నేను బిస్కెట్లు పేర్చే మనిషిని.

వెనక తలుపు చప్పుడైంది. తట్టి ఆగారు, మళ్ళీ తట్టారు. మెట్లు దిగి తీశాను. కార్ల్. వానలో తడిసి, ఎడమచేతికి కట్టు, కట్టు తడవకుండా ప్లాస్టిక్ సంచి చుట్టుకుని. జుట్టు కళ్ళలో పడుతోంది, ఎవరూ కత్తిరించినట్టు లేరు. ఆసుపత్రి నుంచి వచ్చాక వీడు మా గడప తొక్కడం ఇదే మొదటిసారి.

"ఆంటీ," అన్నాడు, కళ్ళు నేలమీద పెట్టి. "కరెంటు తీసేస్తారంట కదా."

"తీసేస్తారు."

"అది ఇంకా ఆన్‌లోనే ఉంది కదా? మా కిటికీలోంచి కనబడుద్ది. రాత్రిపూట గోడ మీద నీలంగా."

రోజూ చూస్తున్నాడన్నమాట. వాణ్ణి కొట్టాలనిపించింది, లోపలికి లాగి తల తుడవాలనిపించింది. తువ్వాలు విసిరాను. "ముందు తల తుడుచుకో. నిమోనియా వస్తే మీ అమ్మ నన్నే అంటుంది."

"ఏవనదు. మా అమ్మ అసలెవర్తోనూ మాట్లాడట్లేదు."

పైకి వచ్చాం. వాడు తెర చూశాడు. "పూర్తి చేద్దామా ఆంటీ? ఊరికే పోనిస్తే... వాడు నన్ను తిడతాడు" అన్నాడు. తిడతాడు, నిజమే. ఒంటిచేత్తో ఎలా ఆడతావురా అంటే, "ఒంటిచెయ్యి చాలు, మేమెప్పుడూ చెరో చెయ్యే" అన్నాడు. వెళ్ళి కుడివైపు కుర్చీలో కూర్చున్నాడు, ఆలోచించకుండా, మన ఇంట్లో మన కంచం ముందు కూర్చున్నట్టు. కుడిచెయ్యి కుడిచివర రెండు బటన్ల మీద పడింది. "ఇవి నావి. ఎడమ, కుడి. నువ్వు అక్కడ కూర్చో. పై బటన్ స్పీడు, దాన్ని అసలు వదలకు. కింద బటన్ గేరు. నేను ఇప్పుడు అన్నప్పుడే నొక్కు. బ్రేకు మర్చిపో, మేం బ్రేకే వాడం. మలుపులో గేరు కిందికి పడితే కారు గిర్రున తిరుగుద్ది, పోలీసోడు ముందుకెళ్ళిపోతాడు. అదే కిటుకు."

గ్లెన్ కుర్చీలో కూర్చున్నాను. గ్లెన్ బటన్ల మీద వేళ్ళు పెట్టాను, ఎండిన జామ్ గరుకుగా తగిలింది. ఇన్నాళ్ళూ ఈ జామ్ ఇక్కడే ఉంది, ఎడమవైపు బటన్ మీద, నేను రోజూ చూస్తూనే ఉన్నాను. కార్ల్ ఆగిన ఆటని మళ్ళీ కదిలించాడు. రోడ్డు ఒక్కసారిగా మీదికి వచ్చింది. ఇంజను మోత, సైరన్, చారలు జారిపోతున్నాయి, అద్దంలో నీలం చుక్క పెద్దదవుతోంది. బొమ్మలే కదా, బొమ్మలే, అయినా పరుగెత్తరా నాన్నా, పరుగెత్తు. తెల్లగీతలు దగ్గరవుతున్నాయి. బ్రిడ్జికి ముందు ఒక్క మలుపు. కార్ల్ ఒళ్ళంతా పక్కకి వంగింది, నేనూ వంగాను.

"ఇప్పుడు!" అని అరిచాడు. "ఇప్పుడు! గ్లెన్, ఇప్పుడు!"

నా వేలు కదల్లేదు. ఎర్రకారు రోడ్డు దిగి గడ్డిలో దొర్లింది. నీలం దీపాలు వచ్చి పక్కన ఆగాయి. ఒక పిచ్చి పాట మోగింది, ఆట అయిపోయింది అని అక్షరాలు వచ్చాయి. నేను అవి చూడటం లేదు. పక్కకి చూస్తున్నాను. కుడివైపు కుర్చీలో స్టీరింగు బటన్ల మీద చెయ్యి పెట్టుకున్న కార్ల్‌ని చూస్తున్నాను. ఎర్రజుట్టు ఎడమ, నల్లజుట్టు కుడి. గడప దగ్గర నిలబడి ఎన్ని సాయంత్రాలు చూశాను ఈ రెండు తలల్ని. ఒక్కసారైనా మారాయా?

"కారులో కూడా ఇలాగే కూర్చున్నారా?" అన్నాను.

వాడు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను తువ్వాలు లాగేశాను.

"నాకు గేరు చూస్తూ రోడ్డు చూడ్డం రాదాంటీ," అన్నాడు, మాట మాటకీ ఎక్కిళ్ళు. "క్లచ్ తొక్కుతా, నువ్వు గేరెయ్‌రా అన్నా. ఆటలోలాగే. బానే వెళ్ళాం. ఎంత నవ్వామో తెలుసా. తర్వాత వెనకాల వాళ్ళు వచ్చారు, సైరన్ వేసుకుని. మలుపు వచ్చింది. నేను ఇప్పుడు అన్నా. వాడు లాగేశాడు. అంత స్పీడులో రెండో గేరుకి. ఆటలో తిరుగుద్ది కదాంటీ? నిజంగా కూడా తిరుగుద్దనుకున్నాం. రోడ్డు తడిగా ఉంది. వెనక చక్రాలు..."

"నువ్వు నడిపావు."

"నేనే నడిపా. గేరు వాడేశాడు. నేనే వెయ్యమన్నా." ముక్కు కట్టుకి తుడుచుకున్నాడు. "ఆసుపత్రిలో పోలీసులడిగితే, మా నాన్న పక్కనే ఉన్నాడు. పోయినోడికి జైలేముంది, వాడే నడిపాడని చెప్పు అన్నాడు. చెప్పేశా."

మా వాడు నడపలేదు. ఈ మాట కోసమే కదా ఇన్నాళ్ళూ లోపల లోపల ఏడ్చింది, వచ్చింది, ఇదిగో చేతిలో ఉంది. మరి ఎందుకు తేలిక కాలేదు? గేరు మీద చెయ్యి వాడిదే. ఆ చెయ్యి ఎలా కదిలిందో నాకు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది, నవ్వుతూ, నమ్మకంగా, మిత్రుడు అడిగాడు కాబట్టి. హెపుల్ గారు పేపర్ చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన్ని ఇద్దరూ కలిసి చంపారు, చెరో చెయ్యి వేసి. అదీ నిజం. ఇది సాండ్రాకి చెప్తే వాళ్ళ నాన్న తిరిగి రాడు, నా తలుపు మీద అక్షరాలు పోవు. అయినా నా కొడుకు చేసింది అంతవరకే, ఒక్క పిసరు ఎక్కువ కాదు. చెయ్యని పని ఒక్కటి కూడా వాడి పేరు పక్కన రాయనివ్వను.

అప్పుడే కరెంటు పోయింది. చప్పుడేమీ లేదు. తెర మధ్యలో ఒక తెల్లచుక్క కాసేపు నిలిచి, అది కూడా పోయింది. కింద ఫ్రిజ్ ఒకసారి కదిలి ఊరుకుంది. వాన చప్పుడు ఒక్కటే. నల్లటి అద్దంలో మేమిద్దరం కనిపిస్తున్నాం, వాడి సీట్లో వాడు, గ్లెన్ సీట్లో నేను. వంగి నల్లపెట్టె మీద చెయ్యి వేశాను. ఇంకా వెచ్చగానే ఉంది, చల్లారడానికి కొంచెం సేపు పడుతుంది. ఉండి చూడాలనిపించలేదు.

లేచి కోటు వేసుకున్నాను. తలుపు వెనక తగిలించి ఉన్న గ్లెన్ కోటు తీసి కార్ల్ భుజాల మీద వేశాను, వాడు వానలో కోటు లేకుండా వచ్చాడు. కోటు చేతులు పొడుగయ్యాయి వాడికి.

"ఎక్కడికాంటీ?"

"సాండ్రా ఇంటికి. ఇవాళ ఆమెకి సెలవు. అక్కణ్ణించి పోలీసు స్టేషన్‌కి."

"మా నాన్న చంపేస్తాడు. రేపు చెప్తా ఆంటీ. విచారణలో అందరి ముందూ చెప్తా. ఒట్టు, రేపు చెప్తా."

రేపటికి వాళ్ళ నాన్న పక్కనే కూర్చుని ఉంటాడు. నేను మెట్ల మొదట్లో నిలబడి వెనక్కి తిరిగాను.

"ఇప్పుడు," అన్నాను.

ఆ రోజు కారులో ఆ మాట వినగానే నా కొడుకు చెయ్యి కదిలింది, క్షణం ఆలోచించలేదు. కార్ల్ కాళ్ళు కదలడానికి చాలాసేపు పట్టింది.